మగ పిల్లికి మళ్లీ మళ్లీ మూత్రంలో రక్తం: ఇంకో యాంటీబయాటిక్ కోర్సు మొదలుపెట్టే ముందు

మీరు చెప్పిన వివరాలను ముందు ఒకసారి గుర్తుచేస్తాను, ఎందుకంటే సమాధానం వాటి మీదే ఆధారపడి ఉంది. నాలుగేళ్ల మగ పిల్లి. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, ఇంట్లోనే ఉంటాడు, కాస్త బరువెక్కువ, తినేదంతా డ్రై ఫుడ్. ఏడాదిగా రెండు మూడు నెలలకోసారి మూత్రంలో రక్తం పడుతోంది. లిట్టర్ బాక్స్‌లోకి (పిల్లి మలమూత్రాలకు ఇసుక లాంటిది పోసి పెట్టే డబ్బా) పదే పదే వెళ్లి కూర్చుంటున్నాడు, అరుస్తున్నాడు, సోఫా మీదా బాత్రూమ్ నేల మీదా చుక్కలు చుక్కలుగా పోస్తున్నాడు. ప్రతిసారీ యూరిన్ ఇన్ఫెక్షన్ అని యాంటీబయాటిక్ ఇస్తున్నారు, వారంలో తగ్గుతోంది, కొన్నాళ్లకు మళ్లీ మొదలవుతోంది. ఈ ఏడాదిలోనే ఇంట్లోకి రెండో పిల్లి వచ్చింది. ఇప్పుడు మీరు అడిగేది రెండు విషయాలు: ఇంతకంటే పవర్‌ఫుల్ యాంటీబయాటిక్ ఉందా, లేకపోతే మూత్రనాళం ఆపరేషన్ చేయించాలా?

ఆ రెండిటికంటే ముందు ప్రాణానికి సంబంధించిన విషయం ఒకటి చెప్పాలి. మగ పిల్లి పదే పదే కూర్చుని ముక్కుతున్నా ఒక్క చుక్క కూడా రాకపోతే అది ఎమర్జెన్సీ. అర్ధరాత్రయినా సరే బయల్దేరాలి, పొద్దున చూద్దాం అనుకోకూడదు. మగ పిల్లి మూత్రనాళం చివరికి వచ్చేసరికి చాలా సన్నబడుతుంది. లోపలి వాపు, జిగురు, ఇసుక లాంటి స్ఫటికాలు కలిసి ముద్దకట్టి అక్కడ అడ్డుపడతాయి. మూత్రం బయటికి పోకపోతే కిడ్నీలు పనిచేయడం ఆగిపోతుంది, రక్తంలో పొటాషియం పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం మీదికి రావచ్చు. చాలామంది దీన్ని మలబద్ధకం అనుకుంటారు, ఎందుకంటే కూర్చునే తీరు, ముక్కే తీరు చూడ్డానికి ఒకేలా ఉంటాయి. విరేచనం అవడానికి ఏదో పట్టించి మర్నాడు తీసుకొచ్చే లోపు పరిస్థితి చేయిదాటిన పిల్లుల్ని నేను చూశాను. వెనక కాళ్లకు కాస్త ముందు, పొట్ట కింది భాగంలో మెత్తగా చెయ్యి పెట్టి చూస్తే నిండిపోయిన బ్లాడర్, అంటే మూత్రాశయం, గట్టి బంతిలా తగులుతుంది. అది తగిలితే నొక్కొద్దు, పగిలిపోయే ప్రమాదం ఉంది. వాంతులు, తిండి మానేయడం, మంచం కింద కదలకుండా పడుకోవడం వంటివి కనిపించాయంటే ఇప్పటికే ఆలస్యమైందని అర్థం.

మీ వాడికి ఇంతవరకు అలా పూర్తిగా ఆగిపోలేదు. కాబట్టి అసలు విషయానికి వస్తాను.

నాలుగేళ్ల పిల్లికి ఈ లక్షణాలుంటే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్ అయ్యే అవకాశం చాలా తక్కువ. పదేళ్ల లోపు పిల్లుల్లో నూటికి కొద్దిమందిలోనే నిజంగా బ్యాక్టీరియా దొరుకుతుంది. పిల్లి మూత్రం చాలా చిక్కగా ఉంటుంది, అందులో బ్యాక్టీరియా అంత తేలిగ్గా పెరగదు. ఇలాంటి పిల్లుల్లో సగానికి పైగా ఉండేది ఇడియోపథిక్ సిస్టైటిస్ అనే జబ్బు. అంటే ఇన్ఫెక్షన్ లేకుండానే, రాయి లేకుండానే బ్లాడర్ గోడ వాచి, మండి, రక్తం కారడం. మిగతావాటిలో ఎక్కువ భాగం రాళ్లు, మూత్రనాళంలో అడ్డుపడే జిగురు ముద్దలు.

ఈ సిస్టైటిస్ స్వభావమే మిమ్మల్నీ మీ డాక్టర్‌నీ ఏడాదిగా తప్పుదారి పట్టించింది. దీని దాడి చాలా పిల్లుల్లో సుమారు వారం రోజుల్లో దానంతట అదే తగ్గుతుంది. మందు వేసినా తగ్గుతుంది, వేయకపోయినా తగ్గుతుంది. యాంటీబయాటిక్ కోర్సు కూడా సరిగ్గా వారమే. దాంతో మందు వల్లే తగ్గిందని అందరికీ అనిపిస్తుంది. మళ్లీ వచ్చినప్పుడు పోయినసారి ఇదే పనిచేసింది కదా అని అదే రాస్తారు, లేదా డోసు పెంచుతారు. నిజానికి ఆ మందు ఏమీ చేసి ఉండకపోవచ్చు. ఇంకా పవర్‌ఫుల్‌ది కావాలన్న ఆలోచన ఇక్కడే ఆపేయండి.

పోనీ, వేస్తే నష్టమేంటి అంటారేమో. నష్టం ఉంది. అవసరం లేకుండా వాడిన ప్రతి కోర్సుతో మందుకు లొంగని బ్యాక్టీరియా పెరుగుతుంది, రేపు నిజంగా ఇన్ఫెక్షన్ వస్తే వాడుకోవడానికి మందు మిగలదు. ఎన్‌రోఫ్లాక్సాసిన్ లాంటి మందు డోసు ఎక్కువైతే పిల్లి కంటి రెటీనా దెబ్బతిని చూపు పోవచ్చు. వీటికి తోడు, టెన్షన్‌తో ముడిపడిన జబ్బున్న పిల్లిని రోజుకు రెండుసార్లు తువ్వాలులో చుట్టి, నోరు తెరిచి మాత్ర మింగించడమే దానికి పెద్ద టెన్షన్.

టెన్షన్‌తో ముడిపడిన జబ్బు అని ఊరికే అనలేదు. అమెరికాలో ఒహాయో స్టేట్ యూనివర్సిటీకి చెందిన టోనీ బఫింగ్టన్ ఈ పిల్లుల మీద దశాబ్దాల పాటు పనిచేశారు. ఇది బ్లాడర్ ఒక్కదాని జబ్బు కాదని, పిల్లి శరీరం ఒత్తిడికి స్పందించే తీరులోనే తేడా ఉందని ఆయన పరిశోధనల్లో తేలింది. అందుకే దీనికి పండోరా సిండ్రోమ్ అన్న పేరు కూడా ప్రతిపాదించారు. ఈ పిల్లుల్లో ఒత్తిడికి స్పందించే నరాల వ్యవస్థ ఎప్పుడూ అతిగా పనిచేస్తూ ఉంటుంది. దాన్ని అదుపులో పెట్టాల్సిన కార్టిసాల్ అనే హార్మోన్ మాత్రం తగినంత విడుదల కాదు. బ్లాడర్ లోపలి గోడను కాపాడే పొర పలచబడి, చిక్కటి మూత్రం నేరుగా నరాలకు తగిలి మంట పుడుతుంది. చాలామంది పిల్లి పగబట్టి సోఫా మీద పోస్తోందని అనుకుంటారు. మీ వాడిది పగ కాదండీ, నొప్పి. బాక్స్‌లో కూర్చున్న ప్రతిసారీ మండితే ఆ నొప్పికి కారణం బాక్సే అనుకుని వేరే చోటు వెతుక్కుంటాడు. తిట్టడం, మూతి నేలకు రాయడం లాంటివి జబ్బును ఇంకా పెంచుతాయి.

అయితే ఏ పరీక్షా చేయకుండా ఇది సిస్టైటిసే అని నేనూ తేల్చేయలేను. మిగతావన్నీ లేవని చూశాకే ఆ పేరు పెట్టాలి. మీ డాక్టర్‌ను మూడు పరీక్షలు అడగండి. మొదటిది యూరిన్ పరీక్షతో పాటు కల్చర్, అంటే మూత్రంలోంచి బ్యాక్టీరియా పెరుగుతుందేమో ల్యాబ్‌లో చూసే పరీక్ష. లిట్టర్ బాక్స్‌లోంచి తీసిన మూత్రం కల్చర్‌కు పనికిరాదు, అందులో బయటి బ్యాక్టీరియా ఎలాగూ ఉంటుంది. స్కానింగ్‌లో చూస్తూ పొట్ట మీంచి సన్నటి సూదితో నేరుగా బ్లాడర్‌లోంచి తీయాలి. వినడానికి భయంగా ఉంటుంది కానీ చాలా పిల్లులు మామూలు ఇంజెక్షన్‌లాగే ఓర్చుకుంటాయి. ఇది యాంటీబయాటిక్ మొదలుపెట్టకముందే జరగాలి, కోర్సు మధ్యలో చేస్తే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టే రిపోర్టు వస్తుంది. రెండోది ఎక్స్‌రే. పిల్లుల్లో మామూలుగా వచ్చే రెండు రకాల రాళ్లూ, అంటే స్ట్రూవైట్, కాల్షియం ఆక్సలేట్, అందులో కనిపిస్తాయి. తీసేటప్పుడు మూత్రనాళం చివరి వరకూ రావాలని చెప్పండి, సగం పొట్ట వరకే తీస్తే నాళంలో ఇరుక్కున్న చిన్న రాయి కనపడదు. మూడోది స్కానింగ్, బ్లాడర్ గోడ ఎంత మందంగా ఉందో, లోపల ఏముందో చూడ్డానికి.

రిపోర్టులో స్ఫటికాలు ఉన్నాయని రాసి ఉంటే కంగారుపడకండి. స్ఫటికాలు వేరు, రాయి వేరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లి చిక్కటి మూత్రంలో కూడా కొన్ని స్ఫటికాలు ఉంటాయి. పైగా శాంపిల్‌ను ఫ్రిజ్‌లో పెట్టినా, గంటలకొద్దీ ఆలస్యంగా చూసినా లేని స్ఫటికాలు కొత్తగా ఏర్పడతాయి. తాజా మూత్రంలో చూశారా అని ఒక్క మాట అడగండి. ఒకసారి మూత్రనాళం మూసుకుపోయిన మగ పిల్లి విషయంలో మాత్రం స్ఫటికాలను తేలిగ్గా తీసుకోకూడదు.

రాయి కనిపిస్తే దారి మారుతుంది. స్ట్రూవైట్ రాయి చాలాసార్లు ప్రత్యేకమైన ఆహారంతోనే కొన్ని వారాల్లో కరిగిపోతుంది, కోయాల్సిన పనిలేదు. పిల్లుల్లో ఈ రాయి ఎక్కువగా ఇన్ఫెక్షన్ లేకుండానే ఏర్పడుతుంది, కుక్కల్లో అలా కాదు. కాల్షియం ఆక్సలేట్ కరగదు, తీయించాల్సిందే. ఇక్కడ ఒక పాత అనుభవం గుర్తుంచుకోవాలి. 1980ల్లో స్ట్రూవైట్ భయంతో పిల్లుల తిండిని మెగ్నీషియం తగ్గించి, మూత్రం ఆమ్లంగా మారేలా తయారుచేయడం మొదలుపెట్టారు. స్ట్రూవైట్ తగ్గింది, ఆక్సలేట్ రాళ్లు పెరిగాయి. అందుకే హిల్స్ సీ/డీ, రాయల్ కానిన్ యూరినరీ ఎస్‌ఓ లాంటి యూరినరీ డైట్ పెడుతున్నప్పుడు దానిమీద మళ్లీ వెనిగర్ అనీ, ఆమ్లం పెంచే మాత్రలనీ ఏమీ కలపొద్దు. ఆ తిండి పెడితే అదొక్కటే పెట్టాలి, మధ్యమధ్యలో మామూలు తిండి కలిపితే లెక్క తప్పుతుంది.

మనుషులు వాడే మూత్ర మంట సిరప్‌ల సంగతి కూడా చెప్పాలి. వాటిలో చాలావాటిలో సిట్రేట్ ఉంటుంది, అది మూత్రాన్ని క్షారంగా మారుస్తుంది. స్ట్రూవైట్ ఉన్న పిల్లికి అది సరిగ్గా వ్యతిరేకమైన మందు. ఫెనాజోపైరిడీన్ అనే, మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చే నొప్పి మాత్ర పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తుంది. పారాసిటమాల్ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. ఇంట్లో ఉన్న మాత్ర ఏదీ, ఎంత చిన్న ముక్కయినా వేయొద్దని బతిమాలుతున్నాను.

మరి దాడి వచ్చినప్పుడు ఏం చేయాలి? నొప్పి తగ్గించాలి. ఏడాదిగా మీ వాడికి యాంటీబయాటిక్ అందింది గానీ నొప్పి మందు అందినట్టు మీరు రాయలేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది అదే. బ్యుప్రెనార్ఫిన్, గాబాపెంటిన్ లాంటివి పిల్లి బరువును బట్టి డాక్టర్ ఇస్తారు. నొప్పి తగ్గితే ముక్కడం తగ్గుతుంది, మూత్రనాళం బిగుసుకుపోవడం తగ్గుతుంది, మూసుకుపోయే ప్రమాదం కూడా కొంత తగ్గుతుంది. మెలోక్సికామ్ లాంటి వాపు మందులు వాడాలంటే పిల్లి ఒంట్లో నీరు తగ్గలేదని, కిడ్నీలు బాగున్నాయని చూసుకున్నాకే వాడాలి. బ్లాడర్ పొర కోసం ఇచ్చే గ్లూకోసమైన్ హాని చేయదు గానీ, పరీక్షించి చూసినప్పుడు ఉత్తుత్తి మందు కంటే మెరుగ్గా పనిచేయలేదు. మీ డబ్బును వెట్ ఫుడ్ మీద పెట్టమంటాను.

నీళ్ల విషయంలో రాజీ పడొద్దు. డ్రై ఫుడ్‌లో నీరు నూటికి పది పాళ్లలోపే, వెట్ ఫుడ్‌లో డెబ్బై అయిదు నుంచి ఎనభై పాళ్లు. డ్రై ఫుడ్ తినే పిల్లి ఎంత నీళ్లు తాగినా ఆ తేడా పూడదు. మూత్రం పలచబడితే మంట పుట్టించేవీ, రాయి కట్టేవీ అన్నీ పలచబడతాయి. యూరిన్ రిపోర్టులో స్పెసిఫిక్ గ్రావిటీ అని, మూత్రం ఎంత చిక్కగా ఉందో చెప్పే ఒక అంకె ఉంటుంది. దాన్ని 1.035 కంటే కిందికి తేవడం లక్ష్యంగా పెట్టుకోండి. మార్పు నెమ్మదిగా చేయండి: మొదట డ్రై ఫుడ్ పక్కనే వేరే గిన్నెలో కాస్త వెట్ ఫుడ్, అలవాటయ్యాక దాని పాలు పెంచుతూ, ఆ తర్వాత అందులోనే ఒకటి రెండు చెంచాల గోరువెచ్చటి నీళ్లు. కొన్ని పిల్లులకు వారం చాలు, కొన్నిటికి రెండు నెలలు పడుతుంది. ఆకలేస్తే అదే తింటుందిలే అని మాత్రం పస్తు పెట్టొద్దు. లావుగా ఉన్న పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని అదే ప్రాణాంతకమవుతుంది. నీళ్ల గిన్నెలు వెడల్పుగా, తిండికీ లిట్టర్‌కీ దూరంగా, ఇంట్లో రెండు మూడు చోట్ల పెట్టండి.

ఇక రెండో పిల్లి సంగతి. మీరు దాన్ని ఒక్క వాక్యంలో చెప్పి ఊరుకున్నారు, నాకు మాత్రం అన్నిటికంటే ముఖ్యంగా కనిపించింది అదే. రెండూ కొట్టుకోవడం లేదు, బాగానే ఉన్నాయి అని రాశారు. పిల్లుల మధ్య గొడవలో అరుపులు, గీరుకోవడాలు చివరి దశ. అంతకు ముందు జరిగేదంతా నిశ్శబ్దంగానే జరుగుతుంది. ఒక సాయంత్రం వాటి మధ్యకు వెళ్లకుండా కూర్చుని చూడండి. కొత్త పిల్లి లిట్టర్ బాక్స్ ఉన్న గది గుమ్మంలో తీరిగ్గా పడుకుని ఉంటుంది. మీ వాడు అటు నాలుగడుగులు వేస్తాడు, అది తల తిప్పి కన్నార్పకుండా చూస్తుంది, వీడు ఆగి, నేల వాసన చూస్తున్నట్టు నటించి, వెనక్కి తిరిగిపోతాడు. అంతే, ఇంకేమీ జరగదు. కానీ వీడు ఆ రాత్రంతా మూత్రం ఆపుకుంటాడు. ఇది రోజూ జరుగుతుంటే బ్లాడర్ ఊరుకోదు.

కాబట్టి దారులు వేరు చేయాలి. రెండు పిల్లులుంటే మూడు లిట్టర్ బాక్స్‌లు, అవి మూడూ ఒకే వరుసలో పెడితే పిల్లి లెక్కలో ఒకటే. వేర్వేరు గదుల్లో, రెండు వైపుల నుంచి తప్పించుకోగలిగే చోట పెట్టండి. బాక్స్ పొడవు పిల్లి ముక్కు నుంచి తోక మొదలు దాకా ఉన్న పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. అమ్మే వాటిలో చాలావరకు అంత ఉండవు, వస్తువులు దాచుకునే పెద్ద ప్లాస్టిక్ డబ్బాకు ఒక వైపు కోసి వాడుకోవడం మేలు. మూత ఉన్నది వద్దు, సువాసన లిట్టర్ వద్దు, ఉండకట్టే మెత్తటి లిట్టర్ మంచిది. తిండి గిన్నెలు ఒకదానికొకటి కనపడకుండా ఉండాలి. ఎత్తుకు ఎక్కి కూర్చునే చోట్లు, దాక్కోవడానికి అట్టపెట్టెలు ఇద్దరికీ విడివిడిగా ఉండాలి. వీటికి పెద్ద ఖర్చు లేదు, కాస్త ఇల్లు సర్దుకోవాలి, అంతే.

అది చాలకపోతే రెండింటినీ కొన్నాళ్లు వేర్వేరు గదుల్లో ఉంచి, పరిచయం మళ్లీ మొదటినుంచి చేయండి. ముందు ఒకదాని పక్కబట్ట మరొకదానికి ఇచ్చి వాసన అలవాటు చేయండి. తర్వాత మూసిన తలుపుకు అటూ ఇటూ తిండి పెట్టండి. ఆ తర్వాతే కొద్ది నిమిషాల పాటు ఎదురెదురుగా. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది. గోడకు పెట్టే ఫెరోమోన్ డిఫ్యూజర్, అంటే పిల్లుల్ని శాంతపరిచే వాసనను గదిలోకి వదిలే పరికరం, కొన్ని పిల్లులకు కాస్త ఉపయోగపడుతుంది, అదొక్కటే సరిపోతుందని మాత్రం అనుకోవద్దు. రోజూ ఒకే వేళకు తిండి, పడుకోబోయే ముందు తాడు కట్టిన ఈక బొమ్మతో పది నిమిషాల ఆట వాడికీ మంచిది, వాడి బరువుకూ మంచిది. కిటికీలోంచి బయటి పిల్లులు కనపడుతుంటే అద్దం కింది భాగాన్ని కప్పేయండి.

ఆపరేషన్ గురించి అడిగారు. పెరీనియల్ యూరెత్రాస్టమీ అనే ఆ ఆపరేషన్‌లో సన్నగా ఉన్న మూత్రనాళం చివరి భాగాన్ని తీసేసి, వెడల్పయిన దారి చేస్తారు. మళ్లీ మళ్లీ మూసుకుపోతున్న పిల్లులకు అది ప్రాణం నిలిపే ఆపరేషన్. బ్లాడర్ వాపును మాత్రం అది తగ్గించదు. రక్తం, మంట అలాగే వస్తాయి. పైగా దారి వెడల్పయ్యాక నిజమైన ఇన్ఫెక్షన్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. ఒక్కసారి కూడా మూసుకుపోని మీ వాడికి ఇప్పుడు దాని అవసరం లేదు.

ఇవన్నీ కొన్ని నెలలు సరిగ్గా చేశాక కూడా దాడులు ఆగకపోతే అమిట్రిప్టిలిన్, ఫ్లుఆక్సెటిన్ లాంటి టెన్షన్ తగ్గించే మందుల గురించి డాక్టర్‌తో మాట్లాడవచ్చు. అవి దాడి వచ్చిన వారం వేసి ఆపేసేవి కావు. వారాల తరబడి వాడాలి, ఆపేటప్పుడు డోసు మెల్లగా తగ్గించాలి. యాంటీబయాటిక్‌కు చోటు కల్చర్‌లో బ్యాక్టీరియా పెరిగినప్పుడే. వయసు పదేళ్లు దాటాక, షుగర్, కిడ్నీ జబ్బు, థైరాయిడ్ వచ్చాక, లేదా ఎప్పుడైనా కాథెటర్ (మూత్రం తీయడానికి పెట్టే సన్నటి గొట్టం) వేశాక ఇన్ఫెక్షన్ అవకాశం నిజంగానే పెరుగుతుంది. అప్పుడు కూడా కల్చర్ చూసే మందు ఎంచుకోవాలి.

ఈ రోజు నుంచే మొదలుపెట్టగలిగిన పని ఒకటుంది. లిట్టర్ శుభ్రం చేసేటప్పుడు మూత్రం తడికి లిట్టర్ కట్టిన ఉండలు లెక్కపెట్టండి, వాటి సైజు చూడండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి రోజుకు రెండు నుంచి నాలుగు సార్లు పోస్తుంది, ఉండ గుప్పెడంత ఉంటుంది. వెట్ ఫుడ్ మొదలయ్యాక ఉండలు ఇంకా పెద్దవవుతాయి, అది మంచి గుర్తు. ఒక రోజు హఠాత్తుగా రూపాయి బిళ్లంత ఉండలు ఏడెనిమిది కనపడితే, రక్తం ఇంకా పడకపోయినా దాడి మొదలైనట్టే. అసలు ఉండే లేకపోతే పైన చెప్పిన ఎమర్జెన్సీ. రెండు పిల్లుల ఉండలు కలిసిపోతాయి కాబట్టి అనుమానం వచ్చిన రోజు మీ వాడిని ఒక గదిలో విడిగా, వాడి బాక్స్‌తో ఉంచి చూడండి. బాక్స్‌లో కూర్చున్నప్పుడు ఫోన్‌లో వీడియో తీసుకోండి. అది ముక్కడం మూత్రానికా మలానికా అన్నది డాక్టర్ ఆ వీడియో చూసి చాలాసార్లు చెప్పగలరు, ఫోన్‌లో మీరు ఎంత వర్ణించినా అది కుదరదు.